పాత బండి ముందు భాగం చూసుకునే పద్ధతి: అల్లుడికి ఉత్తరం

అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఒంగోలులో సెకండ్ హ్యాండ్ బైకు చూశావట, ఆదివారం అడ్వాన్స్ ఇచ్చి వస్తావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇంజిన్ గురించి నాకు పెద్ద టెన్షన్ లేదు. అది పాడైతే డబ్బు పోతుంది, బాగు చేయించుకుంటాం. ముందు భాగానికి దెబ్బ తగిలిన బండి అట్టా కాదు. కావలి నుంచి ఒంగోలుకు హైవే మీద 70 స్పీడులో పోతుంటే హ్యాండిల్ నీ మాట వినకుండా పోతుంది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

పక్కకు జారి పడ్డ బండికి గీతలు ఉంటాయి. లివర్ కొన, హ్యాండిల్ చివర, ఫుట్‌రెస్ట్, సైలెన్సర్ గీరుకుపోయి ఉంటాయి. అవి చూసి బేరం తగ్గించుకో, భయపడొద్దు. భయపడాల్సింది ఎదురుగా వెళ్లి గేదెనో, లైట్లు లేకుండా ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రక్కునో గుద్దిన బండిని చూసి. దానికి గీతలు పెద్దగా ఉండవు. లైటు చుట్టూ ఉండే డూమ్, హెడ్‌లైటు, మడ్‌గార్డ్ మార్చేస్తే షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉంటుంది. దెబ్బ మాత్రం చక్రం నుంచి దాన్ని పట్టుకునే రెండు పైపులకు, అంటే ఫోర్కులకు, అక్కడి నుంచి చాసిస్ మెడకు చేరుతుంది. బండంతా వెలిసిపోయి ముందు మడ్‌గార్డ్ ఒక్కటే నిగనిగలాడుతుంటే, ఎందుకు మార్చారని నిలదీసి అడుగు.

సాయంత్రం పోవద్దు, మంచి ఎండలో చూడు. ముందు మెడ దగ్గర కూర్చో. హ్యాండిల్ కిందుగా, ట్యాంకు ముందు, చాసిస్ గొట్టాలన్నీ వచ్చి అతుక్కునే చోట సెల్ టార్చి వేసి చూడు. ఇంజిన్ ముందు నుంచి కిందికి దిగే గొట్టం ఎదురు దెబ్బకు అక్కడే నలుగుతుంది. నలిగిన చోట పెయింటు సన్నగా ముడతలు పడి ఉంటుంది, లేకపోతే వెంట్రుకంత పగులు ఉంటుంది. కంటికి కనపడకపోతే వేలితో నిదానంగా నిమిరి చూడు, ఉబ్బు చేతికి తెలుస్తుంది. ఆ జానెడు మేరకే కొత్త పెయింటు ఉన్నా, తర్వాత పెట్టిన వెల్డింగు కనిపించినా ఇక మాట్లాడకుండా వచ్చేయ్. ఎంత తగ్గించి ఇస్తానన్నా వద్దు. చాలా బండ్లకు చాసిస్ నంబరు కూడా ఆ మెడ మీదే ఉంటుంది. ఆర్‌సీ చేతిలో పెట్టుకుని ఒక్కో అక్షరం సరిచూడు.

హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పు. గట్టి దెబ్బకు హ్యాండిల్ ఒక్కసారిగా తిరిగిపోయి, దాన్ని చివర ఆపే స్టాపర్ వంగుతుంది, ట్యాంకు పక్కన నొక్కు పడుతుంది. తాళంతో హ్యాండిల్ లాక్ వేసి చూడు. పడకపోతే కారణం తెలుసుకోకుండా వదలొద్దు.

ఇక ఫోర్కులు. హ్యాండిల్ తిన్నగా పెట్టించి, బండికి పక్కగా కాస్త దూరంలో గొంతుకూర్చుని ఒక కన్ను మూసి చూడు. ఇవతలి పైపు అవతలి పైపును పైనుంచి కింది దాకా కప్పేయాలి. పైన కలిసి కింద విడిపోతే ఏదో వంగిందో, మెలిక పడిందో అన్నమాట. పైపులు వంగేది ఎక్కువగా కింది టీకి, అంటే రెండు పైపులనూ కలిపి పట్టే కింది బిగింపుకి, కాస్త దిగువన. అక్కడ, ముఖ్యంగా వెనక వైపు, వేలు పెట్టి పైకీ కిందికీ నిమిరి చూడు.

ఇక్కడే చాలామంది మంచి బండిని వదులుకుంటారు. చక్రం తిన్నగా ఉండి హ్యాండిల్ వంకరగా ఉందంటే పైపులు వంగాయని కాదు. చిన్నగా పడ్డా టీలో పైపులు మెలి తిరుగుతాయి. టీ బోల్టులు, యాక్సిల్ వదులు చేసి, సరిగ్గా నిలబెట్టి మళ్లీ బిగిస్తే సరిపోతుంది. మెకానిక్‌ను తీసుకుపోతే అక్కడే చేసి చూపిస్తాడు. అలా చేసినా కుదురుకోకపోతే అప్పుడు వంగినట్టు. ఫోర్కుల నుంచి ఆయిల్ కారుతున్నా దెబ్బే అనుకోవద్దు. మన సముద్రపు గాలికి, రొయ్యల గుంటల మీద తిరిగే బండ్లకు పైపులు తుప్పుపట్టి గుంతలు పడతాయి, అవి ఆయిల్‌ను ఆపే సీల్స్‌ను కోసేస్తాయి. అది ఖర్చే, కానీ ప్రాణానికి ముప్పు కాదు. ఆయిల్ ముందు బ్రేకు మీద పడనంత వరకే సుమా.

మెయిన్ స్టాండు వేసి, వెనక ఎవరినైనా నొక్కమని ముందు చక్రం లేపు. చక్రం తిప్పి ఫోర్కు దగ్గర వేలు ఆనించి చూస్తే రిమ్ము ఊగేది తెలుస్తుంది. హ్యాండిల్ మెల్లగా తిప్పితే నడిమధ్యలో గాటులో పడ్డట్టు ఆగకూడదు. ఆగితే కోన్ సెట్, అంటే మెడలో హ్యాండిల్ తిరిగే బేరింగులు, పోయినట్టు. అది మార్చుకోవచ్చు, డబ్బు తగ్గించమను.

నడిపేటప్పుడు ఖాళీ రోడ్డు మీద, తక్కువ స్పీడులో పట్టు కాస్త సడలించి చూడు, చేతులు మాత్రం వదలొద్దు. ఒక పక్కకు లాగితే ఇంకొకరిని నడపమని, నువ్వు వెనక నుంచి రెండు చక్రాలూ ఒకే గీతలో పోతున్నాయా చూడు. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసేది) ఉన్న బండి అయితే తాళం తిప్పగానే దాని లైటు వెలగాలి, కదిలాక ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా అనుమానమే, బల్బు తీసేసి ఉండొచ్చు.

ఇన్సూరెన్స్ కాగితం కూడా అడుగు. బండికి జరిగే నష్టానికి కూడా పాలసీ ఉంటే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఎంతో చూడు. ఏడాది క్లెయిమ్ లేకపోతే 20 శాతంతో మొదలై 50 దాకా పెరుగుతుంది. ఏళ్లుగా విడవకుండా కట్టిన బండికి అది సున్నా ఉంటే నిరుడు క్లెయిమ్ చేసి ఉండొచ్చు. ఏ రిపేరు చేయించారో బిల్లు చూపించమను. ఎదుటివాళ్ల నష్టానికే ఇచ్చే థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే ఈ బోనస్ లెక్క పనికిరాదు.

అడ్వాన్స్ ఇచ్చే ముందు మెడ దగ్గర రెండు వైపుల నుంచీ, పక్క నుంచి ఫోర్కులు కనపడేట్టూ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపు. నేను చూసి ఫోన్ చేసేదాకా జేబులో చెయ్యి పెట్టొద్దు.

మీ మామయ్య