కాలి దేబి, రేపిస్తాన్లే

బరంపురం నుంచి ఒక తమ్ముడు రాశాడు, పేరు వద్దన్నాడు. ఉత్తరం నాలుగు పేజీలుంది, కుదించి ఇస్తున్నాను.

"అక్కా, నాకు 37 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్నాను, నాతో కలిపి ఎనిమిది మందిమి. బట్టల షాపులకి, అప్పడాలు పచ్చళ్లు చేసేవాళ్లకి, రెండు ఆసుపత్రులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిస్తాం, దాదాపు 130 మంది కస్టమర్లు. రావాల్సింది 7 లక్షల 40 వేలు ఉంది, చేతిలో మాత్రం ఏమీ ఆడదు. ఐదు నెలలుగా నేను జీతం తీసుకోలేదు. మా ఆవిడది ఇచ్ఛాపురం, ఇక్కడ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. సెప్టెంబర్లో ఆమెకి చెప్పకుండా బీరువాలోంచి ఆమె హారం తీసి బ్యాంకులో పెట్టి 2 లక్షల 60 వేలు తెచ్చాను, స్టాఫ్ జీతాలకీ జీఎస్టీకీ సరిపోయింది. ఫాల్గుణంలో మరదలి పెళ్లి, హారం ఎలాగూ బయటికి తియ్యాలి. మా బావమరిది హైదరాబాద్‌లో 80 వేల ఉద్యోగం చూస్తానంటున్నాడు, పీఎఫ్ కూడా లేనిది అదేం కంపెనీ అని నవ్వుతాడు. మా ఆవిడ మూసేయమంటోంది. అమ్మ బరంపురం వదిలి రానంటోంది. ఇంట్లో రోజూ గొడవే. మూసేయమంటావా, ఇంకో అప్పు చేసి లాగమంటావా?"

తమ్ముడూ, నీ ప్రశ్నకి తర్వాత వస్తాను. ముందు మా నాన్న సంగతి ఒకటి చెప్పనీ, నీ ఉత్తరం చదువుతున్నంతసేపూ ఆయనే గుర్తొచ్చాడు.

పర్లాకిమిడిలో మాకు చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉండేది, కాలితో తొక్కే ట్రెడిల్ మెషీను ఒకటి, తెలుగు అచ్చులు ఒక అరలో, ఒడియా అచ్చులు ఇంకో అరలో. ఎక్కువగా శుభలేఖలే, ఒకవైపు తెలుగు, రెండోవైపు ఒడియా. ఊళ్లో అందరూ తెలిసినవాళ్లే కాబట్టి డబ్బులు పెళ్లయ్యాక అనేవారు. మా నాన్న సరే అనేవాడు. వాళ్లు ఆ శుభలేఖల్లోంచే ఒకటి తీసి, నాలుగు మూలలా పసుపు రాసి, మా ఇంటికొచ్చి బొట్టు పెట్టి పెళ్లికి పిలిచేవాళ్లు. మా నాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లి, భోంచేసి, నూటపదహార్లు చదివించి వచ్చేవాడు. అచ్చు డబ్బులు అడగడానికి మాత్రం నోరొచ్చేది కాదు. ఆయన పోయాక ఒక బిస్కెట్ డబ్బాలో బాకీ చీటీలు దొరికాయి, రబ్బరు బ్యాండు వేసి ఏ ఏడాదివి ఆ ఏడాదికి కట్టలు కట్టి మరీ ఉంచాడు. లెక్క తెలియక కాదు, అడగలేక. కాగితం రీములకి మా అమ్మ గాజులు ఎప్పుడో వెళ్లిపోయాయి. అమ్మ వాటి గురించి ఒక్కసారే మాట్లాడింది, "గాజులకి కాదే నా ఏడుపు, తీసేముందు ఒక మాట అడగలేదు చూడు, అదీ" అంది.

నీకున్నది ఆ జబ్బే, మొహమాటం. బడా బజార్ షాపాయన నీ పెళ్లికి వచ్చాడు, అప్పడాలాయన మీ నాన్నగారి స్నేహితుడు, వాళ్లని ఎలా అడుగుతాను అని నువ్వే రాశావు. ఫోన్ చేస్తే ఒకాయన ఒడియాలో "కాలి దేబి" అంటాడట, ఇంకొకాయన అదే మాట తెలుగులో "రేపిస్తాన్లే బాబూ" అంటాడట, మరీ వీలు చూసుకునేవాడు ఠాకురాణి యాత్ర అయ్యాక చూద్దాం అన్నాడట. ఆ యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది! (నవ్వొచ్చింది, క్షమించు.) వాళ్ల దగ్గర నోరు పెగలదు, ఇంటికొచ్చి భార్యకి నిజం చెప్పడానికీ నోరు పెగలదు. అక్కడ పోయిన డబ్బు ఇక్కడ హారంగా తేలింది.

ఈ లెక్క నువ్వు వేసుకున్నట్టు లేవు. రావాల్సిన 7 లక్షల 40 వేలు జీఎస్టీతో కలిపిన బిల్లులే కదా. 18 శాతం చొప్పున అందులో పన్ను భాగం 1 లక్షా 12 వేల పైనే. నువ్వు బిల్లు కొట్టిన మరుసటి నెల 20వ తారీఖుకల్లా ఆ డబ్బు జేబులోంచి కట్టేశావు, ఎందుకంటే ప్రభుత్వానికి నీ కస్టమర్ నీకు ఇచ్చాడా లేదా అన్నది అక్కర్లేదు, బిల్లు ఉందా లేదా అంతే. అంటే మీ ఆవిడ హారంలో దాదాపు సగం, ఎవరెవరో షాపులవాళ్ల తరఫున పన్ను కట్టడానికి వెళ్లింది. పైగా ఆ షాపువాడు నీకు పైసా ఇవ్వకుండానే నీ బిల్లు చూపించి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుని ఉంటాడు, అంటే నీ బిల్లులోని పన్నుని తను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుని ఉంటాడు. ఈ మాట మీ ఆవిడతో అలాగే చెప్పు, లెక్కల టీచరు కదా, నీకంటే ముందు ఆమెకే అర్థమవుతుంది.

అడగడానికి మొహమాటం ఉన్నవాళ్లకి జీఎస్టీ చట్టంలోనే ఒక సాకు ఉంది, అది వాడుకో. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లోపు నీకు డబ్బు ఇవ్వకపోతే, వాళ్లు తీసుకున్న ఆ క్రెడిట్ వడ్డీతో సహా వెనక్కి కట్టాలి, నీకు ఇచ్చాక మళ్లీ తీసుకోవచ్చు. కాబట్టి "బాబాయ్, డబ్బు కోసం కాదు, మీ బిల్లుకి 150 రోజులైంది, 180 దాటితే మీ క్రెడిట్ పోతుంది, చెబుదామని ఫోన్ చేశాను" అను. ఇందులో అబద్ధం లేదు, నువ్వు చెడ్డవాడివీ కావు. కాంపోజిషన్ స్కీములో (టర్నోవరు మీద చిన్న శాతం పన్ను కట్టేసే పద్ధతి) ఉన్నవాళ్లకి క్రెడిట్టే ఉండదు కాబట్టి వాళ్ల దగ్గర ఈ మాట చెల్లదు, వాళ్ల జాబితా విడిగా పెట్టు. అసలు ఆ ఫోన్లు నువ్వు చెయ్యకు. మీ ఆఫీసులో సపోర్టు కాల్స్ తీసే అమ్మాయి తెలుగూ ఒడియా రెండూ గలగలా మాట్లాడుతుందని రాశావు, ఆ అమ్మాయి ఆ షాపుల వాళ్లెవరికీ మేనకోడలు కాదు, ఆమెకి అప్పజెప్పు. వసూలైన దాంట్లో కొంత ఇస్తానని ముందే చెప్పు, ఇవ్వు కూడా.

ఆసుపత్రి సంగతి వేరు. 1 లక్షా 80 వేలు, 14 నెలలుగా బాకీ అని రాశావు. అక్కడ బాబాయిలు లేరు, అకౌంట్స్ సెక్షన్ ఉంది. ఆఫీసులో ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదైనట్టు ఇచ్చే కాగితం) ఫ్రేము కట్టించి వినాయకుడి పక్కన తగిలించానని రాశావు, 2021 నుంచి అక్కడే ఉందట. అది దండ వెయ్యడానికి కాదురా నాయనా. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థకి 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి, అది కూడా రాతపూర్వక ఒప్పందం ఉంటేనే, లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. రాష్ట్రంలో దీనికి ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉంది, ఆన్‌లైన్లోనే ఫిర్యాదు పెట్టుకోవచ్చు. 2024 ఏప్రిల్ నుంచి ఇంకోటి వచ్చింది, ఇలా గడువు దాటించి బాకీ పెట్టిన మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి వాళ్లకి కుదరదు, ఇచ్చిన ఏడాదే చూపించాలి. ఈ రెండూ రాసి, ఉద్యమ్ నంబరు వేసి, మర్యాదగా ఒక ఉత్తరం వాళ్ల ఆడిటర్‌కి కాపీ పెట్టి పంపించు. ఫిర్యాదు దాకా వెళ్లకుండానే కదలొచ్చు, వెళ్లాల్సి వస్తే వెళ్లు. ఆ కస్టమర్ పోతాడేమో అంటావు. 14 నెలలు డబ్బు ఇవ్వనివాడు కస్టమర్ ఎలా అవుతాడో నాకైతే తెలీదు.

ఇకనుంచి ఏఎంసీకి (ఏటా తీసుకునే మెయింటెనెన్స్ డబ్బుకి) ముందు ప్రొఫార్మా (పన్ను లెక్కలోకి రాని ముందస్తు బిల్లు) పంపు, డబ్బు వచ్చాక అసలు బిల్లు కొట్టు, నీ సీఏని కూర్చోబెట్టి ఎవరెవరికి అలా కుదురుతుందో అడుగు. ఏఎంసీ 2018లో ఎంతో ఇప్పుడూ అంతేనట. నీ స్టాఫ్ జీతాలు కూడా 2018లోనే ఉన్నాయా? రేటు పెంచు.

సెప్టెంబర్ 21 రాత్రి గురించి ఒక పేజీ మొత్తం రాశావు, అది నేను రెండుసార్లు చదివాను. జీఎస్టీ రేట్లు మారుస్తామని 3వ తారీఖున చెప్పారు, 22 నుంచి అమలు. రెడీమేడ్ షాపులన్నిట్లో 2,500 లోపు బట్టలు 5 శాతం, ఆపైన 18 అని మార్చాలి, అన్నీ పండగ ముందు, అన్నీ ఒకే రాత్రి. ఆ రోజు మహాలయ అమావాస్య, మీ నాన్నగారికి తర్పణం వదులుతుండగా పక్క గదిలో నీ ఫోన్ మోగుతూనే ఉంది. రాత్రి రెండింటి దాకా కూర్చుని షాపులన్నీ పూర్తి చేశారు, పొద్దున్నే ఒక్క షాపులోనూ బిల్లు తప్పు రాలేదు. ఇది గొప్ప పనే, గర్వపడు. కానీ నువ్వు అది రాసిన పేజీ వెనకే, ఆ రాత్రి మీ ఆవిడ పాపకి జ్వరం మందు వెయ్యడానికి లేచి, నిన్ను రెండుసార్లు పిలిచి, ఊరుకుందని రాశావు. ఆమె నీ పనిని తక్కువ చేసి మాట్లాడుతుందని అనుకుంటున్నావు. ఆమెకి ఆ పని ఎప్పుడైనా చూపించావా? నీ గురించి ఆమెకి తెలిసిందల్లా మోగే ఫోను.

పాప సంగతి చదివి మాత్రం గుండె చివుక్కుమంది. రెండో తరగతి పిల్ల, టీవీ రిమోట్ చెవి దగ్గర పెట్టుకుని "హలో, రోల్ తిరగేసి పెట్టండి, తిరగేసి పెట్టండి" అని ఆడుకుంటోందని రాశావు. షాపు కట్టేసే వేళకి ఎవరో ఒకరు బిల్లు తెల్లగా వస్తోందని ఫోన్ చెయ్యడం, తీరా చూస్తే థర్మల్ పేపరు రోలు తిరగబడి ఉండటం, నువ్వు అన్నం కంచం ముందు కూర్చుని ఎడం చేత్తో ఫోన్ పట్టుకుని రోజూ అదే చెప్పడం. దీనికి ఇంజినీరు కావాలా? గోటితో గీకితే ఏ వైపు నల్లగీత పడుతుందో ఆ వైపే అచ్చు పడుతుందని, తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి, నిమిషం వీడియోలు తీసి అందరికీ వాట్సాప్‌లో పంపించు. సపోర్టుకి వేరే సిమ్ తీసుకో, అది ఆఫీసులోనే ఉండాలి, రాత్రి వేళ స్టాఫ్‌లో ఒకరు వంతులవారీగా దగ్గర పెట్టుకోవాలి, దానికి వాళ్లకి విడిగా డబ్బు ఇవ్వాలి. నీ సొంత నంబరు 130 మంది దగ్గరా ఉంది కాబట్టి మొదటి నెల వాళ్లు ఒప్పుకోరు, అలుగుతారు, అలగనీ.

హైదరాబాద్ గురించి. మీ ఆవిడ మూసేయమంటోందంటే కంపెనీ మీద పగ అనుకోకు, ఒకటో తారీఖున ఇంట్లోకి ఇంత వస్తుందని తెలిస్తే చాలన్నట్టే ఆమె మాటలన్నీ ఉన్నాయి, నువ్వు రాసినవే. కాబట్టి వచ్చే నెల నుంచి స్టాఫ్‌కి ఇచ్చిన రోజే నువ్వూ జీతం తీసుకో, పాతిక వేలైనా సరే, ఆమె ఖాతాలో వెయ్యి. అది కూడా రాని నెల వస్తే ఆమెకి ముందే చెప్పు. మార్చి 31 దాకా ఇలా నడిపి చూడు. అప్పటికి బాకీల్లో సగం రాకపోతే, కొత్త ఏఎంసీ రేటుకి చాలామంది ఒప్పుకోకపోతే, మూసెయ్యి, నామోషీ ఏం లేదు. స్టాఫ్ జీతాలు తీర్చి, కస్టమర్ల డేటా వాళ్లకి అప్పగించి, జీఎస్టీ నంబరు రద్దు చేయించుకుని హైదరాబాద్ రైలెక్కు. అంతవరకు ఇంకో అప్పు మాత్రం వద్దు, చిట్టీ పాడటం కూడా అప్పే.

బావమరిది ఎగతాళికి జవాబు చెప్పాలని ఉంటే, 20 మంది లోపు ఉన్నచోట పీఎఫ్ తప్పనిసరి కాదని చెప్పొచ్చు. చెప్పకు. ఉద్యోగం చూస్తానన్నాడు, వాడి మనసు మంచిదే. మీ అమ్మగారి దగ్గర మాత్రం ఒక మాట ఖరాకండిగా అను, "ఆడది సర్దుకోవాలి" అని ఆమె అన్నప్పుడల్లా నువ్వు తలొంచుకుని ఊరుకుంటున్నావు, అది నీ భార్యకి ఒప్పుకున్నట్టే వినబడుతుంది.

ఇక హారం. ఇది నువ్వే చెప్పాలి, పెళ్లి పనులు మొదలుకాక ముందు, ఈ ఆదివారమే. బ్యాంకు రసీదు, బాకీల జాబితా, జీఎస్టీ లెక్క మూడూ ఆమె ముందు పెట్టు. "నీకు చెప్పకుండా తీశాను, తప్పు చేశాను" అని మొదలుపెట్టు. "కంపెనీ కోసం" అన్న మాట మొదటి అరగంట నోట్లోంచి రానివ్వకు. ఆమె ఏడుస్తుంది, ఇచ్ఛాపురం వెళ్లిపోతానంటుంది, నాలుగు రోజులు వెళ్లినా వెళ్లొచ్చు, అరగంట బస్సు ప్రయాణమే కదా, ఆపకు, వెనకాలే మధ్యవర్తుల్నీ పంపకు. పుట్టింట్లో ఆమె ఈ సంగతి చెప్పుకుంటుందా లేదా అన్నది ఆమె ఇష్టం, చెప్పొద్దని అడిగే హక్కు నీకు లేదు. మావగారు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు.

మొదట వసూలయ్యే డబ్బు హారానికే వెళ్లాలి, ఆఫీసు ఏసీకి కాదు. విడిపించడానికి ఆమెని కూడా తీసుకెళ్లు, శనివారం స్కూలు సగం పూటే కదా అని అప్పటికి పెట్టుకుంటావేమో, నెలలో రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకు ఉండదు, చూసుకుని వెళ్లు.