షీటు నాలుగు అంచులా

రాజమండ్రి,
ఆదివారం రాత్రి

అమ్మడూ,

మావయ్య ఆశీస్సులు. మధ్యాహ్నం మీ అమ్మ ఫోన్ చేసింది. హైదరాబాద్ ఉద్యోగం మానేశావట, కాకినాడ భానుగుడి దగ్గర మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నావట, బోర్డు కూడా రాయించావట. మన ఇంటి ఆడపిల్ల పేరు పక్కన ఆర్కిటెక్ట్ అని బోర్డు! మీ అత్తయ్యకి చెప్తుంటే గొంతు పూడుకుపోయింది నాకు. ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మే ఇంకో మాట అంది: "ఖర్చేం లేదన్నయ్యా, సాఫ్ట్‌వేర్‌కి పైసా పెట్టక్కర్లేదట. పార్ట్‌నర్ తమ్ముడు ఇంకా కాలేజీలోనే ఉన్నాడు కదా, వాడి స్టూడెంట్ లైసెన్సుతో ఓ ఏడాది నెట్టుకొచ్చేస్తారట." అప్పట్నుంచి నాకు అన్నం సయించలేదు. ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటుంది అత్తయ్య. ఫోన్‌లో అయితే నువ్వు "అలాగే మావయ్యా" అని పెట్టేస్తావు.

నీకు తెలిసినవి ముందు అనేసి పక్కన పెడతాను. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చూసుకో, అది లేకుండా ఆ బోర్డు మీద ఆ మాట రాసుకోవడానికి లేదు. బ్యాంకులో ఆఫీసు పేరుతో కరెంటు ఖాతా తెరువు. మంచి యూపీఎస్ కొను.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా తెలీదు.

2008లో నా ఆఫీసులో రెండు కంప్యూటర్లు, ఒక డ్రాఫ్ట్స్‌మన్ కుర్రాడు. రెండింట్లోనూ ఉన్నది క్రాక్ చేసిన, అంటే డబ్బు కట్టకుండా దొంగతనంగా వాడే ఆటోక్యాడే, ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్. దాచడం ఎందుకు, ఊళ్లో చాలామందిది అదే దారి. సీడీ మీద స్కెచ్ పెన్నుతో నంబరు రాసి ఉండేది, అదే మా లైసెన్సు. ఆ వేసవిలో ట్రైనింగుకని ఒక స్టూడెంట్ వచ్చాడు. వాడి పెన్‌డ్రైవ్‌లో మెట్ల డీటెయిల్ ఒకటి ఉంది, రెయిలింగు, నోసింగు అన్నీ ముచ్చటగా గీశాడు. అప్పుడే మా చేతిలో ఒక డాక్టరు దంపతుల నర్సింగ్ హోమ్ వర్కింగ్ డ్రాయింగులు ఉన్నాయి. ఆ మెట్లని నేనే కాపీ చేసి అందులో పెట్టేశాను. ఏదో బాక్సు వచ్చింది, చదవకుండా కంటిన్యూ నొక్కాను. డ్రాఫ్ట్స్‌మన్ కుర్రాడు నా వెనకే నిలబడి చూస్తున్నాడు.

వారం తర్వాత ఒక సాయంత్రం ప్లాటర్ షాపులో, పెద్ద షీట్లు ప్రింటు తీసే చోట, ఏ1 సైజులో ఆరు షీట్లు తీయించాం. చుట్టలు చుట్టుకుని స్కూటర్ మీద పరిగెత్తాం. డాక్టరమ్మ బల్ల మీద మొదటి షీటు పరిచి నాలుగు మూలలా పేపర్ వెయిట్లు పెట్టాను. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని ప్లాను చూడలేదమ్మా. అంచు చూసింది. షీటు తిప్పి రెండో అంచు చూసింది. మళ్లీ తిప్పింది. నాలుగు అంచుల వెంబడీ సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో, ఇది ఎడ్యుకేషనల్ ప్రొడక్ట్‌తో తయారైంది అని అచ్చయి ఉంది. స్టూడెంట్ వెర్షన్‌కి అప్పట్లో ఆ ముద్ర ఉండేది. ఆ ఫైల్లోంచి ఒక్క గీత కాపీ చేసినా మన ఫైలుకీ అంటుకునేది.

"ఇవి కాలేజీ పిల్లలు గీసినవాండీ?" అంది. గట్టిగా కూడా అనలేదు.

నేనేం చేశానో తెలుసా? కుర్రాడి వైపు తిరిగి "ఎవరి ఫైలు తెచ్చి పెట్టావురా ఇందులో?" అని కేకలేశాను. వాడు నా మొహం చూశాడు. ఆ మెట్లు ఎవరు పెట్టారో వాడికి తెలుసు, వాడికి తెలుసని నాకూ తెలుసు. తల దించుకుని "సారీ సార్" అని షీట్లు చుట్టేశాడు. దారిలో స్కూటర్ మీద ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. గోదావరి గట్టు దగ్గర దిగిపోతానన్నాడు, దింపేశాను.

ఆ రాత్రి ఒక్కడినే కూర్చుని ఫైళ్లన్నీ తెరిచి చూస్తే ముద్ర ఆ డ్రాయింగుతో ఆగలేదు. ఆ వారంలో అందులోంచి తలుపులు, కిటికీలు తీసి వాడుకున్న ప్రతి ఫైలుకీ పాకింది. ఒక్కోదాన్నీ డీఎక్స్ఎఫ్ అనే వేరే ఫైలు రకంగా సేవ్ చేసి మళ్లీ తెరిస్తే పోతుందని ఎవరో చెబితే తెల్లారేదాకా అదే పని చేశాను. ముద్ర పోయింది. సోమవారం కుర్రాడు రాలేదు. మంగళవారమూ రాలేదు. నెల జీతం వాళ్ల నాన్న వచ్చి పట్టుకెళ్లాడు. డాక్టరమ్మ పని తీసేయలేదు గానీ ఫీజు తగ్గించింది, నోరెత్తడానికి నాకు మొహం లేదు. తర్వాత లెక్కేస్తే, ఆ తగ్గించిన డబ్బుతో ఆటోక్యాడ్‌లోనే చౌక రకం, ఎల్టీ ఒకటి కొనుక్కుని ఉండొచ్చు.

ఇప్పుడు ఆ ముద్ర రావట్లేదు కదా మావయ్యా అంటావు. రాదు. అదే నా భయం. మాకు కనీసం కనబడేది. స్టూడెంట్ లైసెన్సు చదువుకే ఇస్తారు, ఫీజు పుచ్చుకున్న పనికి వాడితే ఒప్పందం మీరినట్టే. క్రాక్ జోలికి పోతావేమో, అది ఇంకా ముదురు: కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద తెలిసి వాడినందుకు ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. ఇదంతా నిన్ను బెదిరించడానికే రాస్తున్నాను. బెదురు.

ఖర్చు ఎక్కువ, కాదనను. నా మొదటి జీతంతో రోట్రింగ్ పెన్నుల సెట్టు కొన్నాను. ఇంకు ఎండిపోయి సూది ఇరుక్కునేది, ట్రేసింగ్ మీద తప్పు పడితే బ్లేడుతో గీకేవాళ్లం, అమ్మోనియా ప్రింట్ల వాసనకి కళ్లు మండేవి. కానీ ఆ పెన్ను ఏడాదికోసారి వచ్చి అద్దె అడగలేదు. నర్సింగ్ హోమ్ గొడవ తర్వాత 2009లో ఎల్టీ కొన్నాను, ఒక్కసారి డబ్బు కడితే మనదైపోయే రకం. 2016లో ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ వాళ్లు కొత్తగా అలా అమ్మడం ఆపేశారు, అంతా చందాయే ఇప్పుడు. నా పాత కంప్యూటర్ ఇంకా నడుస్తోంది. మీ అత్తయ్య దానిమీద తువ్వాలు కప్పుతుంది, పసిపిల్లాడికి కప్పినట్టు. ఎవరైనా 2018 ఫార్మాటులో డ్రాయింగు పంపితే తెరుచుకోదు, 2010కి సేవ్ చేసి పంపండి నాయనా అని బతిమాలుకుంటాను.

మనమే ఏడుస్తున్నామనుకోకు. 2020 జులైలో బ్రిటన్‌లో పెద్ద పెద్ద ఆఫీసులు, పేరున్న ఆర్కిటెక్ట్ జహా హదీద్ ఆఫీసుతో సహా, ఆటోడెస్క్‌కి బహిరంగ లేఖ రాశాయి: భవనాన్ని 3డీ మోడల్‌గా కట్టే వాళ్ల సాఫ్ట్‌వేర్ రెవిట్‌కి కట్టే డబ్బు పెరుగుతూ పోతోంది, సరుకు మాత్రం ఆ మేరకు మెరుగవట్లేదు అని. వాళ్లే అంత గోల పెడితే భానుగుడి మేడ మీద నువ్వెంత, నేనెంత.

అందుకని పరువు కోసం రెవిట్ కొనకు. నీకు మొదటి రెండేళ్లూ వచ్చేవి రెండంతస్తుల ఇళ్లు, కాంపౌండ్ గోడలు, ఎవరిదో షాపు మార్పులు. వాటికి డీడబ్ల్యూజీ, అదే ఆటోక్యాడ్ ఫైలు, గీయగలిగితే చాలు. ఎల్టీలో 3డీ లేదు, లేకపోతే ఏం? కొనేముందు మాత్రం ఒక పాత ప్లాను అందులో సిద్ధం చేసి, అనుమతులకి అప్‌లోడ్ చేసే పద్ధతిలో లేయర్లవీ సరిగ్గా వెళ్తున్నాయో లేదో చూసుకో. ఒకసారి కొంటే మనదయ్యేదే కావాలంటే బ్రిక్స్‌క్యాడ్, జడ్‌డబ్ల్యూక్యాడ్ లాంటివి ఇప్పటికీ అలా అమ్ముతున్నారు, ట్రయల్ వేసి చూడు. 3డీ బొమ్మలకి బ్లెండర్ ఉంది, పూర్తిగా ఉచితం, ఫీజు తీసుకునే పనికీ వాడుకోవచ్చు. నెల రోజులు చిరాకు పడతావు, తర్వాత నీ వేళ్లకే అలవాటవుతుంది. స్కెచప్ వెబ్‌లో ఉచితంగా దొరికేది మాత్రం సొంత సరదాకే, వ్యాపారానికి కాదు. ఫ్రీక్యాడ్ ఇరవై ఏళ్లు దాటాక 2024 నవంబరులో 1.0 వెర్షన్‌కి చేరింది, నేర్చుకుంటూ ఉండు, దానిమీదే ఆధారపడకు. ఎప్పుడైనా క్లయింటు రెవిట్ ఫైలే కావాలంటే, వాడిన రోజులకే టోకెన్లు ఖర్చయ్యే పద్ధతి ఉంది, అది తీసుకో, ఆ డబ్బు అతని బిల్లులో వేయి.

బిల్లు అంటే గుర్తొచ్చింది. పోయిన సంక్రాంతికి మీ పిన్ని ఇంటి ప్లాను ఊరికే గీసిచ్చావు కదూ? వాళ్లు మేస్త్రీకి ఇచ్చారు, కరెంటు మనిషికి ఇచ్చారు, ఆఖరికి వాస్తు చెప్పినాయనకీ ఇచ్చారు. నీకు అరిసెలు ఇచ్చారు. నేను అప్పుడే తిడదామనుకున్నాను. చందా డబ్బు, దానిమీద 18 శాతం జీఎస్టీ, అన్నీ కలిపి ఏడాదిలో నువ్వు చేయగల పనులకి పంచి, ఒక్కో ఫీజులో కలుపు. బంధువులకి సగం తీసుకో, సున్నా వద్దు.

ఇంకోటి, రెన్యూవల్ తేదీ ఆషాఢంలో పడకుండా చూసుకో. ఆషాఢంలో, మూఢంలో శంకుస్థాపనలుండవు, అడ్వాన్సులు రావు, ఆ నెల్లో చందా కట్టమని సాఫ్ట్‌వేర్ వాడి మెయిలు వస్తే గుండె దడదడలాడుతుంది. మాఘంలో పెట్టుకో. చేతిలో డబ్బాడుతుంది.

మొదటి ఏడాది చందా నేను కడతాను. మీ అమ్మకి చెప్పకు, తిరిగి ఇస్తానని నాతో వాదించకు. పార్ట్‌నర్ తమ్ముడి లైసెన్సు వాడికే వదిలెయ్యి, చదువుకోనీ.

ఆనాటి నా డ్రాఫ్ట్స్‌మన్ కుర్రాడు ఇప్పుడు కాకినాడలోనే ఉన్నాడని విన్నాను, సొంతంగా ప్లాటర్ పెట్టుకున్నాడట. షాపు ఎక్కడో కనుక్కుని చెప్తాను, ప్రింట్లకి అక్కడికే వెళ్లు. నా పేరు ఎత్తకు. వచ్చే నెల నేను వచ్చినప్పుడు నన్ను ఆ షాపుకి తీసుకెళ్దువుగాని.

మీ మావయ్య