పేరు మారినా ప్యాకెట్ అదే

బ్రాండింగ్, ప్రకటనల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ నెల జవాబులు

మేడమ్, ప్రయాణాల్లో అయినా ఉద్యోగం మర్చిపోతారా? కిటికీలోంచి కొండలు చూస్తారా, హోర్డింగులు చూస్తారా?

కొండలు చూద్దామనే కూర్చుంటాను. మధ్యలో హోర్డింగ్ అడ్డొస్తే నేనేం చెయ్యను? వెంటనే దాని మీద పదాలు లెక్కపెడతాను. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటేస్తుంది. వంద మీటర్ల నుంచి అక్షరాలు కనిపించాయనుకున్నా, చదవడానికి నాలుగు సెకన్లు కూడా దొరకవు. అందుకే ఆరేడు పదాలు దాటొద్దని మా వాళ్లు అంటారు. అయినా కొందరు బ్రాంచీల అడ్రసులన్నీ రాయిస్తారు. అవి చదవాలంటే ట్రాఫిక్ జామ్ అవ్వాలని మొక్కుకోవాలి.

అమెరికాలో బర్మా షేవ్ అనే షేవింగ్ క్రీమ్ వాళ్లు ఈ చిక్కుని తెలివిగా దాటారు. 1925 నుంచి రోడ్డు పక్కన చిన్న బోర్డులు దూరం దూరంగా పాతి, వాక్యాన్ని ఒక్కో బోర్డుకి ఒక్కో ముక్క చొప్పున పంచారు. పోనుపోను అవి ప్రాసలతో సరదా పద్యాలయ్యాయి. చివరి బోర్డు మీద సరుకు పేరు! కార్ల వేగం పెరిగి, పెద్ద హైవేలు వచ్చాక ఆ ఆట సాగలేదు. 1963లో ఆపేశారు.

వాచీల ప్రకటనల్లో ముళ్లు ఎప్పుడూ పదీ పది దగ్గరే ఉంటాయెందుకు? ఎవరో గొప్పాయన చనిపోయిన సమయమని విన్నాను.

ఆ కథ నేనూ విన్నాను. చనిపోయింది ఎవరన్నది మాత్రం చెప్పేవాళ్లని బట్టి మారుతుంది. అసలు సంగతి మామూలుదే. కంపెనీ పేరు ఎక్కువగా 12 కింద ఉంటుంది. పదీ పదికి ముళ్లు రెండూ చెరోపక్కకి విచ్చుకుని దానికి చోటిస్తాయి. పాత కేటలాగుల్లో 8:20 చూపే వాచీలు బోలెడు. వాటిని చూస్తే మూతి ముడుచుకున్నట్టు ఉంటాయి. అలాంటి ముఖం పెట్టుకుని సరుకు అమ్మడం కష్టం కదా.

విదేశంలో మనకు తెలిసిన చిప్స్ ప్యాకెట్టే వేరే పేరుతో కనిపించింది. నకిలీ ఏమోనని టెన్షన్‌తో కొనలేదు. కొనాల్సిందా?

కొనాల్సింది. నకిలీ సరుకు పేరు మార్చుకోదండీ, ఆ పేరు కోసమే పాకులాడుతుంది. ఒక అక్షరం అటూ ఇటూ చేసి అదే పేరులా కనిపించాలని చూస్తుంది. దర్జాగా వేరే పేరు పెట్టుకుని అదే బొమ్మతో ఉందంటే చాలావరకు అసలుదే.

లేస్ చిప్స్ బ్రిటన్‌లో వాకర్స్, మెక్సికోలో సబ్రితాస్. వాకర్స్‌ని లేస్ యజమాని పెప్సీకో 1989లో కొనేసింది. అప్పటికే అక్కడి జనం నోట్లో నానిన పేరు అది. దాన్ని చెరిపేస్తే డబ్బు పోసి కొన్నది ఎందుకు? అందుకని పేరు ఉంచేసి, పసుపు గుండ్రం, ఎర్ర పట్టీ తగిలించారు. ఐస్‌క్రీముల్లో ఈ వేషాలు ఇంకా ఎక్కువ. అదే ఎర్ర గుండె గుర్తు బ్రిటన్‌లో వాల్స్, ఇటలీలో అల్గీదా, బ్రెజిల్‌లో కిబాన్. పేరు చదవడం రాని చంటిపిల్లవాడు కూడా ఆ గుర్తు చూసి ఫ్రిజ్ దగ్గర మారాం చేస్తాడు.

అన్నిటికన్నా నాకు నచ్చిన కథ ఆస్ట్రేలియాది. బర్గర్ కింగ్ అక్కడికి వెళ్లేసరికి ఆ పేరు ఇంకెవరో రిజిస్టర్ చేసుకుని ఉన్నారు. దాంతో మాతృసంస్థ దగ్గర పాన్‌కేక్ పిండి కోసం ఉన్న ఒక పేరు తీసుకుని, 1971లో హంగ్రీ జాక్స్ అని మొదలుపెట్టారు. తర్వాతెప్పుడో పాత ట్రేడ్‌మార్క్ గడువు తీరిపోయింది. అసలు పేరుతో కంపెనీ సొంత షాపులు తెరిచింది. అక్కడి భాగస్వామితో కోర్టు గొడవలయ్యాయి. చివరికి ఆ కొత్త షాపులే హంగ్రీ జాక్స్‌గా మారిపోయాయి! పేర్లన్నీ మా బుర్రల్లోంచే పుడతాయనుకునేవాళ్లకి ఇది చెబుతుంటాను. సగం పేర్లు లాయర్లే పెడతారు.

ప్రయాణాల నుంచి ఏం తెచ్చుకుంటారు?

ఖాళీ సబ్బు రేపర్లు, చక్కెర పొట్లాలు, బస్ టికెట్లు. ఇంట్లోవాళ్లు చెత్త అంటారు. నేను రిఫరెన్స్ అంటాను.

ప్రకటనలే కనిపించని నగరం ఉందా?

బ్రెజిల్‌లోని సావో పాలో. 2007లో అమల్లోకొచ్చిన చట్టంతో హోర్డింగులన్నీ దించేశారు, దుకాణాల బోర్డుల సైజుకీ హద్దు పెట్టారు. వాటి వెనక దాక్కున్న పాత భవనాలూ, పేదల ఇళ్లూ బయటపడ్డాయి. కొన్ని దుకాణాలు గోడలకు కొట్టొచ్చే రంగులు వేసుకుని గుర్తింపు కాపాడుకున్నాయి. తర్వాత బస్ షెల్టర్ల లాంటి చోట్ల పరిమితంగా ప్రకటనలు తిరిగొచ్చాయి. నా పొట్ట కొట్టే చట్టమే అయినా, నాకు నచ్చింది.

కొత్తగా ఏజెన్సీలో చేరాను. ఏ డిజైన్ చూపించినా క్లయింట్ "లోగో పెద్దది చెయ్యండి" అంటున్నారు. ఏం చెప్పాలి?

ఏమీ చెప్పకండి. అసలు సైజులో ప్రింట్ తీసి గోడకి అంటించి, ఆయన్ని పది అడుగుల వెనక్కి నిలబెట్టండి. ల్యాప్‌టాప్ తెర మీద ఏ లోగో అయినా చిన్నగానే కనిపిస్తుంది.

అప్పటికీ వినకపోతే కోకాకోలా సీసా సంగతి చెప్పండి. 1915లో గాజు కంపెనీలకు వాళ్లు పెట్టిన షరతు ఇది: చీకట్లో తడిమినా, ముక్కలై నేల మీద పడున్నా, ఇది మన సీసా అని తెలిసిపోవాలి. ఇండియానా రాష్ట్రంలోని రూట్ గ్లాస్ కంపెనీ గీసిన నమూనా గెలిచింది. ఆ షరతులో లోగో సైజు ఊసే లేదు. ఇంత చెప్పినా ఆయన పెద్దది చెయ్యమంటే ఒక పది శాతం పెంచెయ్యండి, బిల్లు ఇచ్చేది ఆయనే.