ఉండ్రాళ్లు వద్దన్నందుకు

అమ్మలూ,

దీవెనలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చవితి మర్నాడు స్టాఫ్ రూములో ఆ టీచరమ్మ స్టీలు డబ్బా మూత తీసి ఉండ్రాళ్లు నీ ముందు పెడితే, "విగ్రహాలకు పెట్టినవి మేం తినం" అన్నావు. ఆమె మూత పెట్టేసి వెళ్లిపోయింది. వారమైనా ముఖం చూడటం లేదు.

తినకపోవడం తప్పు కాదు తల్లీ. నేనూ తినను. విగ్రహాలకు అర్పించినదని ఎవరైనా చెబితే తినవద్దని బైబిల్లో అపొస్తలుడు పౌలు కొరింథీయులకు రాశాడు. కానీ ఎదుటివాడి మనస్సాక్షిని చూసి అలా చేయమన్నాడు, ఆ ముక్కే మనం మరిచిపోతాం. ఆమె పొద్దున్నే లేచి వండుకుని, నీకోసం నాలుగు తీసి ఉంచింది. ముందు ఆ సంగతికి సంతోషించాలి కదా. "అక్కా, నన్ను గుర్తుపెట్టుకుని తెచ్చారు, చాలా సంతోషం. నివేదన పెట్టినవి తినే అలవాటు మాకు లేదు, ఏమీ అనుకోకండి. మీ చేతి పులిహోర ఇంకో రోజు అడిగి మరీ తింటాను" అంటే సరిపోయేది.

పాతికేళ్ల వయసులో నేను నీకంటే మొరటుగా మాట్లాడాను. ఒక రైతు ఇంటి అరుగు మీద కూర్చుని, ఆయన ఇచ్చిన మజ్జిగ తాగుతూనే, ఆయన మొక్కే పోశమ్మను రాయి అన్నాను. ఆయన కోప్పడలేదు. లోపలికెళ్లి, పోయిన వాళ్లమ్మ ఫొటో తెచ్చి, "ఇదీ కాగితమే గదా సారూ, చింపెయ్యనా?" అన్నాడు. గ్లాసు కింద పెట్టడానికి కూడా నాకు చేయి రాలేదు. మళ్లీ ఆ గడప తొక్కడానికి ఏడాది పట్టింది. ఆసారి పోశమ్మ గురించి ఆయన్నే అడిగాను. మశూచికి పోయిన ఇద్దరు అన్నల సంగతి చెప్పుకొచ్చాడు. చీకటి పడ్డాక, "మరి మీ యేసు సంగతేంది?" అన్నాడు. అప్పుడు చెప్పాను. అడిగినవాడికి సాత్వికముతోను భయముతోను సమాధానం చెప్పమనే పేతురు రాశాడు.

ఇంకో మాట. క్రైస్తవులు కానివాళ్లను మన సంఘాల్లో నోటికొచ్చినట్టు "అన్యులు" అంటారే, ఆ మాట మానెయ్. పక్క కుర్చీలో కూర్చునే మనిషి నీకు అన్యురాలెలా అవుతుంది? బడి పిల్లలకు మాత్రం మతబోధ చేయకు. వాళ్ల తల్లిదండ్రులు నిన్ను నమ్మి పంపింది పాఠాలకు.

డోర్నకల్ నీకు దగ్గరే, ఒకసారి అక్కడి మన పెద్ద చర్చి చూసిరా. 1939లో ప్రతిష్ఠించారు. గుమ్మటాలు మసీదును, స్తంభాలు దేవాలయాన్ని తలపిస్తాయి. కట్టించిన బిషప్ అజరయ్య తమిళుడు, తెలుగు నేర్చుకుని మన మధ్య బతికాడు. 1910లో ఎడిన్‌బరోలో మిషనరీల సభలో నిలబడి, మీరు ఎన్నో ఇచ్చారు, ఇక మాకు స్నేహితులను ఇవ్వండని అడిగింది ఆయనే. ఆ మాట నాకు ఎప్పుడు తలచుకున్నా గొంతు పట్టేస్తుంది. దొరలను మనం అడిగిన స్నేహం మన పొరుగువాళ్లకు మనమే ఇవ్వకపోతే ఎలా?

శనివారం ఆమె ఇంటికి వెళ్లు. "ఆ రోజు నేను మాట్లాడిన తీరు బాగోలేదక్కా" అని చెప్పు, సంజాయిషీలు వద్దు. గుడ్డు తింటారో లేదో కూడా కనుక్కో. క్రిస్మస్‌కు అత్తయ్య కేకు చేసి పంపుతానంటోంది.

మీ మామయ్య