శెట్టిగారి ఖాతా పుస్తకాలను ఏం చేయాలి?

ప్రశ్న: మాది చీరాల పక్కన నేతపనివారి పేట. మా వీధి మొదట్లో యాభై ఏళ్లకు పైగా కిరాణా కొట్టు నడిపిన శెట్టిగారు ఈ మధ్య కాలం చేశారు. వానాకాలంలో గుంట మగ్గాల్లో నీరు ఊరి పని ఆగిపోయినప్పుడల్లా మా ఇళ్లలో పొయ్యి వెలిగింది ఆయన ఇచ్చిన అరువు మీదే. జూన్‌లో బడులు తెరిచే వేళకు పిల్లల పలకలు, నోటుపుస్తకాలు కూడా ఖాతాలోనే రాసి ఇచ్చేవారు. ఒకరి బాకీ గురించి మరొకరి దగ్గర ఎన్నడూ నోరు విప్పని మనిషి. పెద్దకర్మ నాడు వారి అబ్బాయిలు ‘ఖాతా బాకీలు ఎవరూ కట్టనక్కరలేదు, అది నాన్నగారి మాట’ అని చెప్పారు. కుర్రవాళ్లు కూడలిలో విగ్రహం పెడదామంటున్నారు. ఆయన ఖాతా పుస్తకాలను గ్రంథాలయంలో ప్రదర్శనకు ఉంచితే బాగుంటుందని నా కోరిక. వీటిలో ఏది తగిన పని? బాకీ ఉన్నవాళ్లం ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, చీరాల

జవాబు: ముందు విగ్రహం సంగతి చెబుతాను. రహదారుల మీద, కాలిబాటల మీద, ప్రజల వాడుకలో ఉన్న ఇతర స్థలాల్లో విగ్రహాలకు రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదని 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది కనుక కూడలిలో పెట్టాలన్న ఆలోచనను మానుకోవడమే మేలు.

ఖాతా పుస్తకాలను ప్రదర్శనకు ఉంచాలన్న మీ కోరిక ఆయన మీది ప్రేమతో పుట్టిందే అయినా, నేను దానికి ఒప్పుకోలేను. ఎవరి ఇంట్లో ఏ నెల బియ్యం నిండుకున్నాయో, ఎవరు కూతురి పెళ్లికి తెచ్చిన సరుకుల బాకీ ఎన్నేళ్లు తీర్చలేకపోయారో ఆ పుటల్లో పేర్లతో సహా ఉంటుంది. ఆయన ఎవరి గుట్టూ బయటపెట్టరన్న నమ్మకంతోనే మీ పేటలోని ఆడవాళ్లు తల వంచుకోకుండా ఆ కొట్టు మెట్లెక్కగలిగారు. ఆయన జీవితమంతా దాచిన మాటను ఆయన పేరు మీదే గాజు బీరువాలో తెరిచి పెట్టడం ఎంత మాత్రమూ తగదు. అసలు పుస్తకాలు కుటుంబానివి, వారి దగ్గరే ఉండాలి. వారు ఇష్టపడితే, పేర్లు విడిచిపెట్టి, ఏ సంవత్సరంలో బియ్యం, కందిపప్పు, కిరసనాయిలు ధర ఎంత ఉండేదో మాత్రం వేరే నోటుపుస్తకంలోకి ఎత్తి రాసుకోండి. ఒక చేనేత పేట ఎలా తిన్నదో చెప్పే అటువంటి లెక్క పెద్ద పరిశోధకులకు కూడా సులభంగా దొరకదు.

ఇక బాకీలు. సరుకు అమ్మిన సొమ్ముకు దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం మామూలుగా 3 ఏళ్ల గడువు ఇస్తుంది. గడువు దాటితే దావా వేసే వీలు పోతుందే గాని బాకీ పోదు. అయితే ఇక్కడ వారసులే వద్దన్నారు కాబట్టి కట్టితీరాలనే నిర్బంధం ఎవరి మీదా లేదు, కట్టలేనివారు ఆ మాటను గౌరవంగా స్వీకరించడంలో తప్పు లేదు. కట్టగలిగినవారు మాత్రం ఒంటరిగా వెళ్లి శెట్టిగారి ఇల్లాలి చేతిలో పెట్టండి. ఆవిడ తీసుకోకపోతే, వారి అనుమతితో ఆ సొమ్మును ఏటా జూన్‌లో మీ పురపాలక పాఠశాల పిల్లలకు పలకలు, నోటుపుస్తకాలు కొనడానికి కేటాయించండి. ఎవరెంత ఇచ్చారో చదివి వినిపించడం, ఫ్లెక్సీ మీద వేయించడం వద్దు, ఎందుకంటే ఇవ్వలేనివారెవరో ఆ పట్టికే చెప్పేస్తుంది.

అన్నిటికంటే ముందుగా, ఈ నెలలోనే మొదలుపెట్టవలసిన పని ఇంకొకటి ఉంది. ఆయనను ఎరిగిన పెద్దవారు ఉండగానే వారి మాటలు రాసిపెట్టండి. ‘శెట్టిగారు ఎలాంటివారు?’ అని అడిగితే అందరూ ‘దేవుడులాంటి మనిషి’ అని ఆగిపోతారు, ఆ మాటలో ఆయన కనిపించరు. కాలాన్ని పట్టుకుని అడగండి. 1977 నవంబరు 19 నాటి తుపాను దివిసీమను ముంచి మీ తీరాన్ని కూడా కుదిపిన వారంలో కొట్టు తెరిచారా, తడిసిన సరుకు ఏం చేశారు, ఎవరికి ముందు ఇచ్చారు? 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయినప్పుడు, చేతిలో చిల్లర లేని మగ్గం కూలీలకు ఎన్నాళ్లు ఖాతా నడిపారు? 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి నేత ఆగిపోయినప్పుడు ఎవరెవరి గుమ్మాలకు సరుకులు పంపారు? ఇలా అడిగితే ఆయన చేసిన పనులు, అన్న మాటలు, విసుక్కున్న సందర్భాలు కూడా బయటికి వస్తాయి. విసుగును తీసివేయకండి. ఉదయాన్నే తలుపు తీసి రాత్రి దాకా కూర్చున్న మనిషికి అది ఉండకపోతేనే ఆశ్చర్యపడాలి. కొట్టులో పొట్లాలు కట్టిన గుమాస్తాను, సరుకు దించిన హమాలీని తప్పక కలవండి, కొనుగోలుదారులు చూడని శెట్టిగారిని వారు చూశారు. నూనె కొలిచిన సోల, గిద్దె వంటివి మిగిలి ఉంటే ఫోటో తీసి, ఏది దేనికి వాడేవారో పక్కనే రాయించండి. తన బాకీ సంగతి ఎవరైనా స్వయంగా చెబితే, అచ్చు వేయవచ్చునా అని మరోసారి అడిగిన తరువాతే చేర్చండి.

ఈ మాటలన్నీ చిన్న పుస్తకంగా కుట్టించి మొదటి ప్రతిని సంవత్సరీకం నాటికి కుటుంబానికి ఇవ్వండి. రెండవ ప్రతిని తీసుకోగలరేమో వేటపాలెంలోని సారస్వత నికేతనంలో అడగండి. 1918లో నెలకొల్పిన ఆ గ్రంథాలయం పాత పత్రికలను ఏళ్ల తరబడి పదిలపరిచిన చోటు, పైగా మీ పేటకు దగ్గర. ఇంటి పేర్లు, తేదీలు సరిచూసే పనిని వారి పెద్దబ్బాయికి అప్పగించండి.