ఉపవాసం ఉంటామా, చేస్తామా?

సందేహం: మా సంఘంలో ఏటా మూడు వారాలు ఉపవాస ప్రార్ధనలు జరుగుతాయి. ఈసారి ప్రకటన రాసే పని నాకు అప్పగించారు. 'అందరూ ఉపవాసం చేసి ప్రార్ధనలో పాల్గొనండి' అని రాశాను. 'ఉపవాసం ఉండి' అనాలని ఒక పెద్దాయన దిద్దారు. ఎవరిది సరి? 'ఉపవాస ప్రార్ధన' అంటే ఉపవాసంతో చేసే ప్రార్ధనా, లేక రెండూ వేర్వేరా? భోంచేసి వచ్చినవాళ్లు కూడా 'ఉపవాస ప్రార్ధనకు వెళ్లొచ్చాం' అంటుంటారు. ఉపవాసమంటే దేవునికి దగ్గరగా వసించడం అని ప్రసంగాల్లో వింటుంటాం, ఆ అర్థం నిజంగా ఉందా? పండ్లు తింటూ ఉండేదాన్ని ఉపవాసం అనవచ్చా? (ఒక పాఠకురాలు)

సమాధానం: ముందుగా మీరు అడగని సంగతి ఒకటి. అది 'ప్రార్ధన' కాదు, 'ప్రార్థన'. 'అర్థించు'లో ఉన్న థకారమే ఇక్కడా ఉంటుంది. ప్ర, అర్థన కలిసి ప్రార్థన అయింది. బ్యానర్ల మీద, పాటల పుస్తకాల్లో, చివరికి మందిరాల గోడల మీద కూడా ధకారం తిష్ఠ వేసింది కాబట్టి తప్పు మీ ఒక్కరిది కాదు. 'సిద్ధపాటు' అన్నప్పుడు మాత్రం ధకారమే, దానికి ఒత్తు తీసేసి 'సిద్దపాటు' అని రాయకూడదు. ఒకచోట ఉండవలసిన ధ ఇంకోచోటికి వలస పోయినట్టుంది.

ఇక ఉండడం, చేయడం. పెద్దాయన దిద్దుబాటు అక్కర్లేనిది. అలాగని ఆయన మాట తప్పూ కాదు. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయం తీయండి. అంతియొకయ సంఘం బర్నబానూ సౌలునూ పంపే ఘట్టం. రెండో వచనంలో 'వారు ప్రభువును సేవించుచు ఉపవాసము చేయుచుండగా' అని ఉంది. మూడో వచనంలోనే 'ఉపవాసముండి ప్రార్థనచేసి' అన్నారు. ఒకే కథ, అవే మనుషులు, పక్కపక్క వచనాలు. పాత తెలుగు అనువాదకులకు రెండూ సమ్మతమేనన్నమాట.

అయితే రెండింటి మొగ్గు ఒకటి కాదు. 'ఉండు' ఆ మనిషి ఉన్న స్థితిని చెబుతుంది. 'చేయు' పూనుకుని ఆచరించే పనిని చెబుతుంది. అరణ్యంలో యేసు నలువది దినాలు 'ఉపవాసముండిన పిమ్మట' ఆకలిగొన్నాడు. లూకా 18లో పరిసయ్యుడు (ధర్మశాస్త్ర నియమాలను పట్టుదలగా పాటించే యూదు వర్గంవాడు) తన ఆచారాల లెక్క అప్పజెప్పేటప్పుడు 'వారమునకు రెండు మారులు ఉపవాసము చేయుచు' అంటాడు. ఆ లెక్కకు 'చేయు' బాగా అతికింది. దీన్ని సూత్రంగా పట్టుకోవద్దు, రెండు వైపులా ఉదాహరణలు దొరుకుతాయి. మాటల్లోనైతే క్రియ కూడా అక్కర్లేదు, 'ఈరోజు నేను ఉపవాసం' అంటే చాలు. (అదీ అవసరమైతేనే. ఉపవాసాన్ని పైకి చూపించుకోవద్దని చెప్పే మత్తయి 6 చదివినవాళ్లు ఆ మాట నలుగురిలో అనడానికి కాస్త వెనకాడాలి.)

ఆ మత్తయి 6లోనే ఈ కాలపు పాఠకుడు తడబడే మాట ఒకటుంది. ఉపవాసం చేసేటప్పుడు 'నీ తల అంటుకొని, నీ ముఖము కడుగుకొనుము' అని. తలంటు అనగానే మనకు తలస్నానం గుర్తొస్తుంది. కానీ 'అంటు' అంటే పూయడం. గ్రీకు మూలంలోనూ నూనె రాసుకోవడమే. రోజూ ఎలా తయారవుతావో అలాగే తయారవు, ఆకలి మొహం పెట్టుకుని తిరగకు అని దాని భావం. ఉపవాసానికి సిద్ధపడడం గురించి ఇంత మామూలుగా, ఇంత సూటిగా చెప్పిన మాట ఇంకొకటి నాకు తోచదు.

'ఉపవాస ప్రార్థన' సమాసం సంగతి ఆసక్తికరమైంది. లూకా 2లో అన్న అనే వృద్ధ ప్రవక్త్రి దేవాలయం విడువక 'ఉపవాస ప్రార్థనలతో రేయింబగళ్లు సేవచేయుచుండెను'. అక్కడ అది ద్వంద్వ సమాసం: ఉపవాసాలతోనూ ప్రార్థనలతోనూ అని. మూలంలోనూ రెండు మాటల మధ్య 'మరియు' ఉంది. ఏకవచనంలో 'ఉపవాస ప్రార్థన' అంటే మాత్రం ఉపవాసంతో కూడిన ప్రార్థన అని విడదీయడమే సబబు. వాడుకలో ఇది మూడో దారి కూడా పట్టింది, ఆ కూడికకే పేరైపోయింది. 'శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టారు' అంటాం కదా. కనుక భోంచేసి వచ్చినవాళ్లు 'ఉపవాస ప్రార్థనకు వెళ్లొచ్చాం' అంటే అబద్ధం కాదు, కూడికకు వెళ్లారు, వచ్చారు. 'ఉపవాస ప్రార్థన చేశాం' అంటేనే పేచీ. మీ సంఘంలో ఈ గొడవ వద్దనుకుంటే అంతియొకయవాళ్ల పద్ధతిలో 'ఉపవాసముండి ప్రార్థన చేశాం' అంటే సందిగ్ధమే ఉండదు.

దగ్గరగా వసించడం అన్న అర్థానికి వస్తే, పదాన్ని విడదీయడం వరకు ప్రసంగాల్లో చెప్పేది సరైనదే. ఉప అంటే దగ్గర, వాసం అంటే ఉండడం. కానీ ఎవరికి దగ్గర అన్నది పదంలో లేదు. వైదిక కర్మకాండలో యజ్ఞానికి ముందురోజు నియమంతో గడపడాన్ని 'ఉపవసథ' అన్నారు. ఆ నియమంలో తిండి మానడం కూడా ఉండడంతో క్రమంగా మాట అటు ఒరిగింది. సంస్కృత వైయాకరణులకు ఇది బాగా తెలుసు. 'గ్రామమ్ ఉపవసతి సేనా' అంటే సేన ఊళ్లో మకాం వేసింది. 'గ్రామే ఉపవసతి' అంటే ఊళ్లో తిండి మానేసి ఉన్నాడు. పాణిని సూత్రం ప్రకారం 'ఉప' చేరిన 'వస' ధాతువుతో చోటును చెప్పే మాటకు ద్వితీయా విభక్తి ('గ్రామమ్' లాంటి రూపం) రావాలి, తినకపోవడం అన్న అర్థంలో మాత్రం అది వర్తించదని కాత్యాయనుడు వార్తికం (సూత్రానికి చేర్పు) రాశాడు. అంటే రెండు వేల ఏళ్ల కిందటే ఈ రెండు అర్థాలూ విడిపోయి, వ్యాకరణంలో కూడా తేడా చూపించాయి. ఇక బైబిలు గ్రీకులో 'నేస్తెయా' అంటే కేవలం తినకపోవడమే, అందులో దగ్గరా దూరమూ లేవు. కాబట్టి ప్రసంగానికి ఆ వివరణ చక్కని ఆధారం కావచ్చు. బైబిలు మూలంలోని మాటకే ఆ అర్థం ఉందంటే మాత్రం ఒప్పుకోలేం.

పండ్ల సంగతి. మాట వరుసకు అనవచ్చు, వాడుక ఒప్పుకుంది. కానీ తెలుగులో దీనికి తగిన మాటలు వేరే ఉన్నాయి. పండ్లు మాత్రమే తింటే ఫలాహారం. రోజుకు ఒక్క పూటే తింటే ఒక్కపొద్దు. కతోలిక సంఘం విభూతి బుధవారానికీ శుభ శుక్రవారానికీ విధించే నియమం దీనికి దగ్గరే: కడుపునిండా ఒక్క భోజనం, మరో రెండు సార్లు కొద్దిగా తినవచ్చు. 18 ఏళ్లు నిండినప్పటి నుంచి 59 నిండే వరకు అది వర్తిస్తుంది. మాంసం మానడం వేరే నియమం, అది 14 ఏళ్లు నిండినవారి నుంచి. ఈ రెండింటినీ మనం ఉపవాసం అన్న ఒక్క మాటలో కుక్కేస్తున్నాం. 'దానియేలు ఉపవాసం' అనేదీ ఇలాంటిదే. దానియేలు 1లో ఉన్నది శాకధాన్యాలూ నీళ్లూ, 10లో ఉన్నది మాంసం, ద్రాక్షారసం మానడం. ఈ రెండు చోట్లా 'ఉపవాసం' అన్న మాటే లేదు. ఆ మాట కనిపించేది 9వ అధ్యాయంలో. అక్కడ ఆయన ఉపవాసముండి, ప్రార్థన విజ్ఞాపనలు చేయడానికి 'మనస్సును నిబ్బరము చేసికొంటిని' అంటాడు.

ఇంకొకటి. 'ఉపవాసం బ్రేక్ చేశాను' అన్నది ఈమధ్య ఎక్కువగా వినిపిస్తోంది. గడువు పూర్తయి ముగించారా, ఆకలికి ఆగలేక మధ్యలో వదిలేశారా? మొదటిదానికి 'విరమించాను', 'ముగించాను' ఉన్నాయి. రెండోదానికి 'ఉపవాసం తప్పింది' అనండి.

మీ ప్రకటనలో ఉపవాసం ఎలాంటిదో, ఎప్పటి నుంచి ఎప్పటి వరకో కూడా చేర్చండి, లేకపోతే ఎవరికి తోచింది వాళ్లు అనుకుంటారు. నేనైతే ఇలా రాస్తాను: 'ఉపవాస ప్రార్థనలు సోమవారం మొదలై 21 రోజులు జరుగుతాయి. ఉదయం నుంచి సాయంత్రం 6 గంటల వరకు ఆహారం తీసుకోకుండా, నీళ్లు మాత్రమే తాగుతూ ఉపవాసముండి ప్రార్థనలో పాల్గొనండి. షుగర్‌కు మందులు వాడేవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ముందే డాక్టర్‌ను అడగండి. ఉపవాసం ఉండలేనివారు కూడా ప్రార్థనకు రావచ్చు.' చివరి వాక్యం తీసేయమని పెద్దాయన అంటే మాత్రం ఒప్పుకోకండి.