పాఠకుల ప్రశ్నలు: ఇంట్లో వృత్తి, ఊళ్లో స్నేహాలు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. పెళ్లయ్యాక చెన్నై వచ్చి కొళత్తూరులో స్థిరపడ్డాం. ఒక ఆడిటరు గారి దగ్గర కొన్నేళ్లు పనిచేసి, పిల్లల చదువుల కోసం ఉద్యోగం మానేసి, ఇప్పుడు ఇంట్లోనే చిన్న వ్యాపారులకు టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరులో ఖాతాలు రాస్తూ జీఎస్టీ రిటర్నులు దాఖలు చేస్తున్నాను. రంగుచేపల దుకాణాలు, ఒక హార్డ్‌వేరు కొట్టు, రెండు మిఠాయి అంగళ్లు నా ఖాతాదారులు. పనికి లోటు లేదు కానీ, పని గురించి మాట్లాడుకోవడానికి ఒక్క మనిషి లేరు. బిల్లులు వాట్సాప్‌లో వస్తాయి, డబ్బు ఫోన్‌లో జమ అవుతుంది. తోటి వృత్తివారితో స్నేహం చేస్తే ఖాతాదారులను తన్నుకుపోతారేమోనని భయం. నా తమిళం కూడా అంతంతమాత్రమే. వ్యాపార స్నేహాలు ఎలా ఏర్పడతాయి?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: మీకు భయం ఎక్కడుందో అక్కడే మొదలుపెట్టాలి. మీకు అందరికంటే ముందుగా కావలసింది మీ పనే చేసే మరొక మనిషి. నెలవారీ దాఖలు చేసే వ్యాపారులకు 11వ తేదీలోగా అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 20వ తేదీలోగా పన్ను లెక్కతేల్చి కట్టే జీఎస్టీఆర్-3బి పూర్తి కావాలని మీకు తెలియనిది కాదు. 19వ తేదీ సాయంత్రం మీకు జ్వరం వచ్చిందనుకోండి. పన్ను కట్టవలసిన వ్యాపారికి ఆలస్యమైన ప్రతి రోజుకూ 50 రూపాయల రుసుము, బాకీపడ్డ పన్నుపై ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ పడతాయి. 11వ తేదీ తప్పితే చిక్కు ఇంకా పెద్దది. మీ హార్డ్‌వేరు కొట్టాయన ఒక కాంట్రాక్టరుకు అమ్మిన సరుకు వివరాలు, ఆ కాంట్రాక్టరు పేర 14వ తేదీన తయారయ్యే జీఎస్టీఆర్-2బి అనే కొనుగోళ్ల పట్టికలోకి ఎక్కవు కనుక, కొనుగోలుపై కట్టిన పన్నును తన పన్నులోంచి తగ్గించుకునే జమ అతనికి ఆ నెల దక్కదు; అతను కొట్టాయనమీద, కొట్టాయన మీమీద విరుచుకుపడతారు. కార్యాలయంలో ఉన్నప్పుడు ఇలాంటి రోజు పక్క కుర్చీలోని వారు ఆ పని అందుకునేవారు. ఇంటికి వచ్చాక మీరు పోగొట్టుకున్నది కబుర్లకంటే ముందు ఆ పక్క కుర్చీని.

అందువల్ల, మీ పాత కార్యాలయంలో మీతో పనిచేసి, మీలాగే బయటికి వచ్చి సొంతంగా చేసుకుంటున్నవారు ఎవరైనా ఉన్నారేమో ముందుగా ఆరా తీయండి. వారి పనితీరు మీకు తెలుసు, మీ పనితీరు వారికి తెలుసు. ఇంతకంటే మంచి పరిచయం ఏ సభలోనూ దొరకదు. మొదటి రోజే ఒప్పందాల జోలికి పోనక్కరలేదు. పీఎఫ్, ఈఎస్ఐ లెక్కలో, కంపెనీ నమోదో, మీరు చేయని పని ఏదైనా మీ గుమ్మంలోకి వస్తే, దానిని వారికి అప్పగించి, ఎలా చేశారో, ఎంత అడిగారో, మీ పేరు ఎలా నిలిపారో గమనించండి. అది సవ్యంగా సాగితే, ఒకరు పడకేసిన నెలలో మరొకరు దాఖలు చేయాలని, అందుకు ఇంత రుసుమని, ఎవరి ఖాతాదారులు వారికే ఉంటారని ఒక కాగితం మీద రాసుకోండి. స్నేహం మధ్య కాగితమేమిటని మొహమాటపడవద్దు. మొహమాటం వల్ల చెడిన స్నేహాలే ఎక్కువ. ఖాతాదారుల పాస్‌వర్డులు మాత్రం ముందుగా ఇచ్చిపుచ్చుకోవద్దు. ఒక్కరే యజమానిగా ఉన్న దుకాణాల రిటర్ను చాలావరకు ఓటీపీతోనే పూర్తవుతుంది, ఆ ఓటీపీ వ్యాపారి ఫోన్‌కే వెళుతుంది. ముక్కూముఖం తెలియని మనిషి ఫోన్ చేసి ఓటీపీ అడిగితే ఏ వ్యాపారీ చెప్పడు, చెప్పకూడదు కూడా. కాబట్టి నేను లేని రోజు ఈవిడ చూస్తారని ఆయనకు ముందే చెప్పి, ఆయన సరేనన్నాకనే ఈ ఏర్పాటు చేసుకోవాలి.

ఇక తన్నుకుపోవడం సంగతి. అలాంటివారు లేరని అనను. అయితే చిన్న వ్యాపారి తన లెక్కల లోతుపాతులు తెలిసిన మనిషిని వంద రూపాయల తేడాకు సులభంగా మార్చడు. మార్చాడంటే, తేదీ తప్పిందనో, ఫోన్ ఎత్తలేదనో, నోటీసు వచ్చిన రోజు దిక్కు లేకపోయిందనో మార్చి ఉంటాడు. పక్క కుర్చీ మనిషి ఉంటే ఈ మూడింటికీ కొంత విరుగుడు ఉంటుంది.

రెండో రకం స్నేహాలకు ఇంత దగ్గరితనం అక్కరలేదు. అమెరికాలో బోస్టన్ సమీపాన, పరిచయస్తుల ద్వారా కొత్తగా ఉద్యోగం దొరికినవారిని మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త, ఆ కబురు చెప్పిన మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవారని అడిగారు. వారానికి రెండుసార్లైనా కలిసేవారమని చెప్పినవారు నూటికి 17 మందే. అప్పుడప్పుడు అన్నవారు 56 మంది, ఏడాదికి ఒకసారో అంతకంటే తక్కువో అన్నవారు 28 మంది. 1973లో వెలువడిన ఈ పరిశీలన ఉద్యోగాలకు సంబంధించినదే అయినా, మనకు తెలిసిన విషయాలే రోజూ కలిసేవారికీ తెలిసి ఉంటాయి కనుక కొత్త కబురు కాస్త దూరపువారి నుంచే వస్తుందన్న దాని తర్కం మీ వృత్తికీ వర్తిస్తుంది.

ఆ దూరపువారు మీకు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నారు. బిల్లులు వాట్సాప్‌లో రానివ్వండి, తప్పు లేదు. కానీ 20 దాటాక మీకు చేతి నిండా తీరిక ఉండే నాలుగైదు రోజుల్లో, ఒక్కో దుకాణానికి స్వయంగా వెళ్లండి. చేపల అంగళ్లకు ఆదివారం వెళ్లవద్దు. పని దినాన మధ్యాహ్నం పూట అయితే, యజమాని ప్లాస్టిక్ సంచిలో నీళ్లుపోసి, చేపలు వదిలి, ఆక్సిజన్ పట్టి రబ్బరు బ్యాండు బిగిస్తూనే మీతో మాట్లాడగలుగుతాడు. ఏ బిల్లు ఎందుకు కలవలేదో కాగితం మీద చూపించండి. పక్క అంగడాయన తొంగిచూసి ఈమె ఎవరని అడుగుతాడు. మీరు చేయవలసిన ప్రచారం అంతే. తమిళం అంతంతమాత్రమైనా అదే మాట్లాడండి. తప్పులు దిద్దేవారుంటారు, అదీ ఒక పరిచయమే. జార్జిటౌన్ టోకు బజార్లకు వెళితే, ఇంట్లో తెలుగు మాట్లాడే వ్యాపారులు ఎందరో కనిపిస్తారు. 1928లో మదరాసులో ఏర్పడిన ఆంధ్రా చాంబర్ ఆఫ్ కామర్స్ వంటి సంస్థలూ ఉన్నాయి. అయితే తెలుగువారి మధ్యనే తిరిగితే ఊరట కలుగుతుందేమో గానీ, మీ ఖాతాదారుల లోకం తమిళంలో నడుస్తున్నదని మరవవద్దు.

ప్రశ్న: వేళచ్చేరిలో ఇంటి నుంచే ఇళ్ల ప్లాన్లు గీస్తుంటాను. వారం వారం ఉదయాన్నే సమావేశమయ్యే వ్యాపార బృందంలో చేరమని ఒకరు ఒత్తిడి చేస్తున్నారు. రుసుము ఎక్కువే. చేరవచ్చా?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: ఈ పద్ధతి పాతదే. 1905 ఫిబ్రవరి 23న చికాగోలో పాల్ హ్యారిస్ అనే న్యాయవాది, ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజినీరు, ఒక దర్జీ కలుసుకున్నారు. పల్లెటూరి పరిచయాల వంటివి మహానగరంలో దొరకడం లేదన్నదే హ్యారిస్ వెలితి. ఒకరి కార్యాలయంలో ఒకసారి చొప్పున వంతులవారీగా కలిసేవారు కనుక ఆ సంఘానికి రోటరీ అని పేరు వచ్చింది. 1985లో అమెరికాలో మొదలైన బీఎన్‌ఐ అనే వ్యాపార బృందాల సంస్థ, ఒక్కో వృత్తి నుంచి ఒక్కరినే చేర్చుకోవాలన్న రోటరీ పాత నియమానికి ఒకరికొకరు పని ఇప్పించుకునే లెక్కను జోడించింది.

చేరేముందు అతిథిగా వెళ్లి చూసి, అక్కడ ఇళ్లు కట్టే కాంట్రాక్టరు, స్ట్రక్చరల్ ఇంజినీరు, గృహరుణాల మనిషి, టైల్సు వ్యాపారి ఉన్నారా, వారు మీ ప్రాంతంలో పని చేస్తున్నారా అని అడగండి. లేకపోతే, ఎంత మంచివారైనా మీకు పని చూపలేరు. ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. ఎలా పనిచేస్తాడో మీరు చూడని మనిషిని కూడా మీ ఖాతాదారుకు సిఫారసు చేయవలసిన మొహమాటం ఈ బృందాల్లో ఏర్పడుతుంది; టైల్సు వంకరగా పడితే పోయేది మీ పేరు.

నా ఓటు హ్యారిస్ పద్ధతికే. మీ ప్రాంతంలోని కాంట్రాక్టరు, ఇంజినీరు, సర్వేయరు, మీరు, నెలకొకసారి ఒకరి సైటులో కలవండి, వీలైతే స్లాబు వేసే రోజున. 2024 జూలైలో తమిళనాడు ప్రభుత్వం, 2,500 చదరపు అడుగులలోపు స్థలంలో 3,500 చదరపు అడుగులలోపు కట్టే ఇళ్లకు స్వీయధ్రువీకరణతో అనుమతి ఇవ్వడం ప్రారంభించింది. అలాంటి మార్పు వచ్చినప్పుడు ఏ దరఖాస్తు ఎక్కడ ఆగుతున్నదో, ఏ కొలత దగ్గర పేచీ వస్తున్నదో చెప్పగలిగేది ఆ ముగ్గురే. ఆరు నెలలు ఇలా కలిశాక కూడా పని చాలకపోతే, అప్పుడు రుసుము సంగతి చూడండి.